నర్సుకు చెప్పిన నొప్పి

అక్కా,
నీ మరిదికి గండం గడిచింది, కంగారుపడకు. నిన్న వార్డులో మళ్లీ ఛాతీ పట్టుకున్నారు. నేనడిగితే “గ్యాసేలేవే” అన్నారు. నర్సు వచ్చి “పదికి ఎంత నొప్పి, బాబాయ్?” అనగానే “ఎనిమిదమ్మా” అన్నారు! ఆమె వెంటనే డాక్టరును పిలిచి, ఇసిజి తీసి, నాలుక కింద మాత్ర పెట్టింది. ప్రాణం నిలబెట్టిన పిల్లను ఏమీ అనలేను గానీ, ఒళ్లు మండిపోయింది. కట్టుకున్నదానికి గ్యాసు, ఆమెకు ఎనిమిదా?

“నొప్పా అని అడిగితే ఎవరూ చెప్పరు పిన్నీ, అంకె అడగాలి” అని నర్సు నవ్వింది.

ఆయన కళ్లజోడు పంపు. పెరటి తలుపు గడియ వేశానో లేదో చూడు.

ఇవాళ నర్సు రాకముందే అంకె అడిగాను. “రెండు” అన్నారు. ఆమెకు నేనే వెళ్లి చెప్పాను.

బావగారికి నమస్కారాలు. ఆయనా గ్యాసంటే నమ్మకు, అంకె అడుగు.
నీ చెల్లి