మూల మడిచిన వార్త

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బచ్చన్నపేటలో మన అరుగు మీద పొద్దున్నే పేపరు చదివి వినిపించే పని ఇప్పుడు నాది. నమ్మకం కుదరని వార్త ఉంటే నువ్వు ఆ పేజీ మూల మడిచి, "రేపు గూడ గిదే రాస్తే సూద్దాం" అనేవాడివి.

నీ సంవత్సరీకానికి రావలసిన అన్న సరిహద్దులో ఉన్నాడు. యుద్ధం మొదలైన మూడో రోజు, శత్రువుల నగరం ఒకటి మన చేతికి వచ్చిందని పేపర్లో పెద్ద అక్షరాలతో వేశారు. టీవీలోనూ అదే చెప్పారు. నేను నీ మాట మరిచి, మూల మడవకుండా గట్టిగా చదివేశాను. ఇక అన్న వచ్చేస్తాడని అమ్మ వాడకట్టంతా బెల్లం పంచింది.

మర్నాడు ఆ నగరం ఊసే లేదు. తప్పు రాశామని కూడా ఎవరూ రాయలేదు.

"కాన్వెంటుల సదివినవ్, గిదేనా సదివేది?" అని పక్కింటి మల్లయ్య తాత నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

ఐదు రోజులుగా అన్న ఫోను కలవడం లేదు. వాళ్ళ శిబిరం మీద దాడి జరిగిందని, మనవాళ్ళంతా క్షేమమేనని ఈ పొద్దున పేపర్లో ఉంది. రెండుసార్లు చదివాను. ఇదొక్కటి నమ్మమ్మా అని అమ్మ కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

"ఏడ రాసిండ్రు బిడ్డా, సూపియ్యి" అంది.

వేలు పెట్టి చూపించాను.

అమ్మకు అక్షరం ముక్క రాదు. పేపరు నా చేతిలోంచి తీసుకుని, నీలాగే ఆ పేజీ మూల మడిచింది.