టైగర్‌ను ఇప్పుడే పంపను

జగ్గయ్యపేట
12-8-1998

చెల్లి మెర్లిన్‌కు అన్నయ్య రాయునది. ఇక్కడ అందరం కులాసా. పాలవాణ్ణి కరిచిందని మీరు నా దగ్గరకు పంపిన టైగర్ కూడా కులాసానే.

మొన్న రూబెన్ బావ దాన్ని చూడడానికి వచ్చాడు. గుమ్మంలో గొడుగు పైకెత్తి దులపగానే టైగర్ మంచం కిందికి దూరి ఉచ్చ పోసుకుంది. "చూసావా బావా, నా దెబ్బలకి ఎట్టా దారికొచ్చిందో!" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"అది దారికి రావడం కాదు బావా, హడలు. పాలవాడు కర్ర ఎత్తితే కరిచిందీ ఆ హడలుతోనే" అన్నాను.

"ఇంకోసారి కరిస్తే లారీ ఎక్కించి కీసర దగ్గర హైవే మీద వదిలేస్తా" అంటూ కోపంగా వెళ్లిపోయాడు. మూగజీవాన్ని కొట్టి కొట్టి బెదరగొట్టింది తను, శిక్ష దానికా?

కోపంలో గొడుగు ఇక్కడే మరచిపోయాడు. దాన్ని నేల మీద పెట్టి చుట్టూ రస్కు ముక్కలు వేస్తున్నాను. ఈ పొద్దున టైగర్ తనంతట తనే దగ్గరకొచ్చి ఒక ముక్క తిన్నది.

అది పడుకునే పాత గోనెసంచి ఎవరితోనైనా పంపు. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నందిగామలో వానలు పడుతున్నాయా? పిల్లలకు నా ఆశీస్సులు, ప్రభువు మిమ్మల్ని కాపాడుగాక.

గొడుగు మాత్రం టైగర్‌కు దాని హడలు పోయేదాకా ఇవ్వను. అంతవరకు బావను తడవమను.

నీ అన్నయ్య,
వరప్రసాదరావు