తడితే వదలాలి

ప్రియమైన అక్కా,

ఇవాళ్టి నుంచి ఫోన్లు లేవు. పోటీ అయ్యేదాకా అందరి ఫోన్లూ కోచ్ తన బీరువాలో పెట్టి తాళం వేసేశాడు. ఉత్తరాలు మాత్రం రాసుకోవచ్చట. ఫోన్లో అయితే ఏడుస్తారు, ఉత్తరం రాయాలంటే కాస్త ఆలోచిస్తారు అని ఆయన లెక్క. కాబట్టి ఆలోచించే రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు. నా చెయ్యి పెన్ను పట్టుకుని ఎన్నాళ్లయిందో.

ముందు అసలు సంగతి. ఈసారి కేజ్‌లో, ఆ కంచె కట్టిన బరిలో, నా ఎదుట ఎవరో నిన్న చెప్పారు. జిరాఫీ. నాలుగేళ్లు ఇదే జిమ్‌లో నాతో సాధన చేసి, నాతో ఒకే గదిలో ఉండి, పోయినేడు వేరే జిమ్‌కి వెళ్లిపోయిన పొడుగుపిల్ల. నాకు బండ అని పేరు పెట్టింది అదే. మీ ఇంటికి వచ్చినప్పుడు గుమ్మానికి తల కొట్టుకుని, ఆ గుమ్మం పెట్టినవాణ్ణి తిట్టిపోసింది చూడు, అదే.

రెండో సంగతి. వరసగా రెండు పోటీలు ఓడిపోయాను కదా. ఇదీ పోతే పోటీలు నడిపే కంపెనీవాళ్లు కాంట్రాక్టు పొడిగించరు. నా వయసులో ఇంకో కంపెనీ రమ్మనదు. అంటే గెలవకపోతే ఇదే ఆఖరు.

జిరాఫీతో కొట్టుకోవడం ఎలా ఉంటుందో తెలీదు. దానికి ఏ మోకాలు నొప్పో నాకు తెలుసు. నాకు ఏ భుజం జారుతుందో దానికి తెలుసు. ఇద్దరం అక్కడే కొడతాం, తప్పదు.

ఇన్నేళ్లలో నువ్వు ఒక్క పోటీకీ రాలేదు. దీనికి రా.

నీ చెల్లి,
బండ


ప్రియమైన చిన్నీ,

నీ ఉత్తరం కాలేజీ స్టాఫ్ రూములో విప్పాను. ఎవరు రాశారని పక్క కుర్చీలో లెక్కల మేడం అడిగింది. చెల్లెలు అన్నాను. ఏం చేస్తుందంటే, ఎప్పట్లాగే, పిల్లలకి ఆటలు నేర్పుతుందని చెప్పాను. సిగ్గుపడి అలా అన్నాననుకోకు. కేజ్‌లో కొట్టుకుంటుందని చెబితే వెంటనే ‘ఎందుకు’ అని అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు.

నీ దగ్గరుందా? నేను చాలా రకాలుగా ఆలోచించి చూశాను. నాన్న మనల్ని చెయ్యెత్తి కొట్టిన మనిషి కాడు. నువ్వు గతిలేక పోలేదు, బ్యాంకు ఉద్యోగం వస్తే ఆర్నెల్లు చేసి వదిలేసి మరీ వెళ్లావు. పోనీ కోపమా అంటే, చిన్నప్పుడు నేను జడ పట్టి లాగితే తిరిగి లాగడం కూడా తెలిసేది కాదు నీకు. దేనితోనూ లెక్క తేలదు. తేలినట్టే ఉండి, మర్నాటికి మళ్లీ తప్పనిపిస్తుంది.

నీ మోచెయ్యి విరిగిన రోజు గుర్తొస్తుంది. ఓడిపోయానని ఒప్పుకుంటూ చేత్తో ఒక్కసారి తడితే అవతలి మనిషి వదిలేస్తుందట కదా. నువ్వు తట్టలేదు. ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఎత్తి చూపిస్తుంటే నువ్వు నా వంక చూసి నవ్వావు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నిజం రాస్తాను, తిట్టుకో. నువ్వు ఓడిపోవాలని నాకుంది. పెద్ద దెబ్బలేమీ తగలకుండా, పాయింట్ల మీద ఓడిపోయి ఇంటికి వచ్చెయ్యాలని ఉంది. ఇలా కోరుకునే మనిషి అక్కడికి వచ్చి కూర్చోవచ్చా?

మీ బావ మాత్రం మరదలే గెలుస్తుందంటున్నాడు. అయితే పాత పోటీ వీడియో పెడదామా అంటే వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయలు తరుగుతాడు.

నీ అక్క


అక్కా,

నేను ఓడిపోవాలని నీకుందని నాకెప్పుడో తెలుసు. అయినా రా. టికెట్టు దీంతో పాటే పెట్టాను, ముందు వరస, కంచె పక్కనే.

ఈ వారం పోటీ ముందు తూకం కోసం బరువు దింపుతున్నాం. చెమట సూటు వేసుకుని పరుగు, తర్వాత వేడినీళ్ల తొట్టి, తర్వాత మళ్లీ సూటు. తాగడానికి నీళ్లివ్వరు, నోట్లో ఒక మంచుముక్క పెడతారు. ఉమ్ము కూడా ఊరడం లేదు. గదిలో ఎవరైనా గట్టిగా తలుపు వేసినా కొట్టబుద్ధేస్తుంది. కోచ్‌కి మాత్రం హాయిగా ఉంది, మా ముందే కూర్చుని టీ తాగుతున్నాడు.

ఎందుకని అడిగావు. విలేకరులు అడిగితే ‘నన్ను నేను నిరూపించుకోవడానికి’ అంటాను. కోచ్ నేర్పిన ముక్క అది. నీకు వేరేది చెబుతాను.

మా జిమ్‌లో ఒక నర్సు ఉంది. పగలంతా ఆస్పత్రిలో రోగులకి సేవ చేసి, సాయంత్రం వచ్చి మమ్మల్ని చితకబాది పోతుంది. మొన్న వెనక నుంచి నా మెడ పట్టింది. కళ్ల అంచులు నల్లబడ్డాయి. ఇంకొంచెం ఉంటే తెలివి తప్పేది. తట్టాను. చటుక్కున వదిలేసింది. లేచి ముక్కు చీదుకుని, ఈసారి తన మెడ నా చేతుల్లో పెట్టింది. తను తట్టింది, నేను వదిలాను. రోజంతా మాకు ఇదే పని. బ్యాంకులో నా మెడ ఎవరూ పట్టుకోలేదు, అయినా అక్కడ ఒక్క మనిషి పక్కన కూడా నిశ్చింతగా కూర్చోలేకపోయాను. ఇక్కడ ప్రాణం చేతికిచ్చి, తడితే తిరిగి తీసుకుంటాను. నాకు ఇంకెక్కడా ఇది దొరకలేదక్కా.

మోచెయ్యి సంగతి వేరు. అది ఒట్టి పొగరు. దానికి సంజాయిషీ లేదు.

పోటీలో మాత్రం పద్ధతి మారుతుంది. అవతలివాళ్లు తట్టినా మనం వదలకూడదు. రిఫరీ చూసి, వచ్చి, మనల్ని లాగాలి. అంతదాకా పట్టు పట్టే. కోచ్ ఇది మాకు రోజూ చెబుతాడు, అన్నం తిన్నారా అని అడిగినట్టు.

బండ


చిన్నీ,

ఇంటికి చేరాను. నిన్న ఆస్పత్రి వరండాలో చాలాసేపు కూర్చున్నాను. ఎవరినీ లోపలికి పంపవద్దన్నావట. దవడ విరగలేదని, కంటి కింద కుట్లు పడ్డాయని, తల స్కానింగు బాగానే వచ్చిందని కోచ్ వచ్చి చెప్పాడు. చెబుతూ నా మొహం చూడలేదు. ఆయనకి నీ మీద కోపమో, తన మీదో తెలియలేదు.

నేను కోరుకున్నట్టే ఓడిపోయావు. ఇలా కోరుకోలేదు.

పేపర్లో నీ చేతుల్లో సత్తువ అయిపోయి పట్టు జారిందని రాశారు. రైల్లో దాన్ని పదే పదే చదివాను. నేను చూసింది వేరు. నిజంగా చూశానా అని దారంతా నన్ను నేనే అడ్డుప్రశ్నలు వేసుకున్నాను. అందుకే రాస్తున్నాను.

నువ్వు వెనక నుంచి ఆ అమ్మాయి మెడ చుట్టూ చెయ్యి బిగించావు. ఇద్దరూ కంచెని ఆనుకుని నేల మీద ఉన్నారు. ఆ అమ్మాయి చెయ్యి ఒకటి కంచెకీ ఒంటికీ మధ్య ఇరుక్కుంది. రిఫరీ అవతలి పక్క మోకాళ్ల మీద ఉన్నాడు, ఆయనకి కనపడదు. నాకు కనపడింది. ఆ చేతివేళ్లు నీ తొడ మీద కదిలాయి. మరుక్షణం నువ్వు వదిలేశావు. వదిలేసి, రిఫరీ వైపు తిరిగి చూశావు, అయిపోయింది కదా అన్నట్టు. నీ చేతులు రెండూ కిందికి ఉన్నాయి. అప్పుడు ఆ అమ్మాయి లేచి కొట్టింది.

ఆ వేళ్లు తట్టాయా, ఊరికే కదిలాయా? నాకు చెప్పు. ఇంకెవరికీ చెప్పను.

నీ అక్క


అక్కా,

తట్టింది.

రెండు వేళ్లతో, వెంటవెంటనే రెండుసార్లు. నాలుగేళ్లు ఆ తట్టు నా ఒంటి మీద పడింది. నిద్రలో పడినా అది జిరాఫీదేనని చెప్పగలను. నేను వదలాలని అనుకోలేదు. అనుకునే వ్యవధి ఎక్కడిది. చేతులు వాటంతటవే విడిపోయాయి, మనం జిమ్‌లో ఉన్నామనుకున్నాయి.

కోచ్‌కి చెప్పాను. “నిన్నగాక మొన్న చేరినవాళ్లు చేసే తప్పు కూడా కాదే ఇది. బాగా నేర్చుకున్నవాళ్లే చేస్తారు,” అన్నాడు. అది తిట్టో కాదో అర్థం కాలేదు.

ఏ కెమెరాలోనూ దాని చెయ్యి లేదు, ఒళ్లు అడ్డం వచ్చింది. జిరాఫీ నోరు విప్పలేదు. కంపెనీ నుంచీ ఇంకా కబురు లేదు. ఒక కన్ను మూసుకుపోయింది, రెండోదానితో రాస్తున్నాను. ఇంతకంటే రాయలేను.

చెల్లి


ప్రియమైన నా చిన్నీ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఎవరికీ చెప్పనన్న మాట తప్పాను. ఆయన చేతిలో పేపరు మడిచి, “నా మరదలు,” అన్నాడు. ఈసారి వంటింట్లోకి వెళ్లలేదు.

ఇవాళ స్టాఫ్ రూములో లెక్కల మేడానికి నేనే చెప్పాను. మా చెల్లెలు కేజ్‌లో పోట్లాడుతుందని, ఎదుటి మనిషి తడితే పోటీ అని కూడా చూడకుండా వదిలేసిందని. ఆవిడ శ్రద్ధగా అంతా విని, “అయితే ఓడిపోయిందన్నమాట,” అంది. అవునన్నాను. నాకు నవ్వొచ్చింది. ఆవిడ లెక్కలో ఆవిడ కరెక్టే.

నాకు మాత్రం ఇన్నాళ్ల ప్రశ్నకి జవాబు దొరికినట్టుంది. నువ్వు కొట్టడానికి అక్కడికి వెళ్లలేదు. ఆ వదలడం కోసం వెళ్లావు. అది నీ చేతుల్లోకి అంత లోతుగా దిగిపోయిందంటే ఇంక నీ గురించి నాకు భయం లేదు. మా కాలేజీలో ఆడపిల్లలకి వ్యాయామం చెప్పేవాళ్లు కావాలంటున్నారు. ప్రిన్సిపాల్ నిన్ను చూడకుండానే సరే అన్నాడు, కుట్లు విప్పాక రమ్మన్నాడు. వెనక గది ఖాళీ చేశాం. వచ్చెయ్యి.

నీ అక్క


అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాయడానికి కూర్చుంటే అబద్ధం రాయాల్సి వచ్చేది. అందుకే రాయలేదు.

జిరాఫీ వచ్చింది. జిమ్ గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

“తట్టాను,” అంది.

“తెలుసు.”

“గాలి అందింది. నువ్వు అటు తిరిగి ఉన్నావు. కొట్టకుండా ఉండాలని నాకు తోచలేదే బండా.”

అంతకుముందే కంపెనీ ఆఫీసుకి వెళ్లి అంతా ఒప్పుకుందట. రిఫరీ చూడలేదు కాబట్టి ఫలితం మార్చేది లేదన్నారు. కానీ వాళ్లకి ఇందులో కథ కనపడింది. ఆ ఇద్దరినీ మళ్లీ దింపుదాం, జనం ఎగబడి వస్తారు అన్నారు. నేను సంతకం పెట్టేశాను. నీ వెనక గది, మీ కాలేజీ, అన్నీ గుర్తున్నాయి. గుర్తుండగానే పెట్టాను. ఇంకొక్క అవకాశం ఉందంటే నా చెయ్యి ఆగలేదు.

ఆ మర్నాటి నుంచే కోచ్ కొత్త సాధన మొదలుపెట్టాడు. నేను నర్సు మెడ పట్టుకోవాలి. ఆవిడ తట్టినా వదలకూడదు. ఆయన చప్పట్లు కొట్టాక వదలాలి. మొదట్లో నా వల్ల కాలేదు. తట్టు పడగానే చేతులు విడిపోయేవి. ఆయన బూతులు తిట్టేవాడు, నర్సు పడీపడీ నవ్వేది. ఆవిడకి నేనంటే అంత ధీమా. తర్వాత ఒక క్షణం ఆపగలిగాను. తర్వాత ఇంకొంచెం.

పోయిన సోమవారం ఆవిడ తట్టింది. నేను పట్టి ఉంచాను. మళ్లీ తట్టింది. కోచ్ చప్పట్లు కొట్టాడట. నాకు వినపడలేదు. ఆయన వచ్చి నా చెయ్యి ఊడలాగాల్సి వచ్చింది. నర్సు మ్యాట్ మీద కూర్చుని చాలాసేపు గొంతు నిమురుకుంది. కోచ్ నా వీపు తట్టి, “వచ్చేసింది,” అన్నాడు.

మర్నాడు నర్సు వచ్చింది. నా చెయ్యి ఆవిడ మెడ చుట్టూ పూర్తిగా తిరగకముందే తట్టేసింది. నవ్వలేదు. తర్వాత ఆవిడ నా మెడ పట్టుకుంది. నేనూ అంత తొందరగానే తట్టాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా తట్టలేదు. ఆ తర్వాత ఇద్దరం వేర్వేరు మూలల్లో నీళ్లు తాగాం.

ఈసారి గెలుస్తాను. అందరూ అదే అంటున్నారు, నాకూ అలాగే ఉంది. జిరాఫీ ఇంకా నన్ను పాత బండనే అనుకుంటోంది. తడితే చాలు, వదిలేస్తుందనే నమ్మకంతో వస్తుంది. మనకి అదే కావాలంటున్నాడు కోచ్. నేను తల ఊపుతున్నాను.

నీకు నా గురించి భయం లేదన్నావు. ఆ ముక్క మళ్లీ మళ్లీ చదువుకుంటున్నాను.

టికెట్టు పంపడం లేదక్కా. రావద్దు. వీడియో కూడా చూడొద్దు. దాని చెయ్యి తట్టిన తర్వాత, రిఫరీ వచ్చే లోపల, నా మొహం ఎలా ఉంటుందో నువ్వు చూడటం నాకిష్టం లేదు.

నీ చెల్లి