పంచాయతీలో నా కుర్చీ

గుడిబండె, 1960
మంగళవారం రాత్రి

ఈరోజు పంచాయతీ మొదటి మీటింగుకు మెంబరుగా వెళ్లాను. మా హరిజనవాడ నుంచి గెలిచింది నేనొక్కడినే. అమ్మ ఉతికిన పంచె తీసిచ్చింది.

లోపల కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అయినా ఛైర్మన్‌గారు గడప బయట అరుగు చూపించి, "ఆడనే కూర్చోప్పా. మాటలు ఆడికీ వినపడతాయి" అన్నారు. తక్కిన మెంబర్లెవరూ తలెత్తలేదు. నేను అరుగు మీద కూర్చోలేదు. మీటింగు అయ్యేదాకా గడప బయట నిలబడే ఉన్నాను. అక్కడి నుంచే మా వాడకు బావి కావాలని అడిగాను. "చూస్తాంలే" అన్నారు.

ఇంటికి రాగానే అమ్మ, "కుర్చీలో కూర్చుంటివా నాయనా?" అని అడిగింది.

"కూర్చుంటినమ్మా."

ఆ మాట వాడంతా చెప్పి వచ్చింది. వచ్చే మీటింగుకు తానూ వచ్చి, కిటికీలోంచి నన్ను చూస్తానంటోంది...