ఏ చేత్తో సంతకం

శుక్రవారం రాత్రి, రుసైల్

పొద్దున ఇక్కడ గల్ఫ్‌లో నాన్న పనిచేసే కంపెనీ క్రికెట్ టీమ్ ట్రయల్లో ఆరు ఓవర్లు వేశాను. మేనేజర్ నాన్నను పక్కకు పిలిచి, నాకు గోడౌన్‌లో ఉద్యోగం ఇస్తామని, శుక్రవారాలు బౌలింగ్ చేస్తే చాలని చెప్పాడట. ఆదివారం సంతకం పెట్టాలి.

హైదరాబాద్‌లో నాకొచ్చిన స్పోర్ట్స్ కోటా డిగ్రీ సీటు సంగతేంటని అడిగాను.

"సదువు ఎప్పుడైనా సదువుకోవచ్చు బిడ్డా. చెయ్యి ఎప్పుడూ గిట్లనే ఉంటదా?" అన్నాడు నాన్న.

ఇప్పటికే అలా లేదు నాన్నా! మూడో ఓవర్ నుంచే కుడి భుజం మండిపోతోంది. చెబితే ఉద్యోగమూ సీటూ రెండూ పోతాయి. చెప్పకపోతే...

రాత్రి ఎడమ చేత్తో, చెంచాతో అన్నం తిన్నాను. నాన్న ఉద్యోగం దొరికిన సంతోషంలో గమనించలేదు. గమనిస్తే బాగుండు. ఈ పేజీ కూడా ఎడమ చేత్తోనే రాశాను.