పద్నాలుగు అని రాసిన ఉదయం

అక్కా,

నీ కూతురు పిచ్చుక ఉబ్బసంతో ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులూ నేను తొంగి చూడలేదని అమ్మ కనబడ్డవాళ్లందరికీ చెబుతోందట: "దానికి చదువెక్కువై మనుషులు ఆనట్లేదు." నువ్వేమో, చిన్నప్పటినుంచీ దానికి ఆసుపత్రి అంటే భయమని నన్ను వెనకేసుకొచ్చావట. ఇద్దరూ పొరబడ్డారు. అమ్మ తిట్టినదానికంటే నువ్వు వెనకేసుకురావడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

నా పని నీకు తెలుసు. ఆఫీసు డాబా మీద గాలిని పీల్చే యంత్రం, అందులో జిగురు పూసిన గాజు పలక. రోజూ పొద్దున్నే పలక మార్చి, పాతదానికి అంటిన పుప్పొడిని మైక్రోస్కోపు కింద లెక్కపెట్టి, ఎనిమిదింటికల్లా ఆ అంకె ఫోన్లలో అందరికీ కనబడేలా పెట్టాలి. బావ నన్ను "దుమ్ము లెక్కపెట్టే ఆఫీసరమ్మ" అన్నప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆ రాత్రినుంచే వేరే ఉద్యోగాలు వెతుకుతున్నాను.

పిచ్చుక బళ్లో పరుగుపందెం రోజు ఒక దరఖాస్తుకు గడువు తొమ్మిదింటికి. పలక మార్చాను, చూడలేదు. అంతకుముందు వాన పడ్డనాటి అంకె పద్నాలుగు. అదే మళ్లీ రాసేశాను, వాన వెలిశాక రోజంతా పొడిగాలి వీచిందని తెలిసి కూడా.

నువ్వది ఫోన్లో చూసి, "పిన్ని తక్కువే అంది, పరిగెత్తు" అని పంపావు. పందెం మధ్యలోనే దానికి ఊపిరందలేదు. ఇప్పుడు బావ నీతో మాట్లాడటం మానేశాడు. నువ్వూ తప్పు నీదేనని తలొంచుకుని తిరుగుతున్నావు.

ఆ సాయంత్రమే పలక చూశాను. అంతా గడ్డి పుప్పొడి. మూడు వందలు దాటాక లెక్కపెట్టలేకపోయాను. సొరుగులో పెట్టి తాళం వేశాను. నిన్న పిచ్చుక ఫోన్ చేసింది. మాటమాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ, "నీ అంకె తప్పు కాదు పిన్నీ, నేనే మరీ వేగంగా పరిగెత్తాను" అంది.

ఇవాళ పలక తెచ్చి మా ఆఫీసు పెద్దాయన బల్లమీద పెట్టాను. ఆయన మైక్రోస్కోపులోంచి తలెత్తకుండానే, "ఎవరికీ తెలీదు కదమ్మా, వదిలెయ్" అన్నారు.

వదలను. రేపు ఎనిమిదింటికి ఆ రోజు అంకె మారుతుంది. ఎందుకు మారిందో కింద నా పేరుతో ఉంటుంది. ఈ ఉత్తరం బావకు చూపించు. ఆదివారం వచ్చి పిచ్చుకకు నేనే చెబుతాను.

నీ చెల్లెలు