ఆరోనాటి కోడలు

జూన్ 29, ఆదివారం

పై పోర్షన్‌లోకి ఇవాళ ఒక ఫ్రెంచ్ అమ్మాయి దిగింది. పేరు సొలెన్. పటాన్‌చెరు దగ్గర ఏదో వాల్వుల కంపెనీలో రెండేళ్ళ కాంట్రాక్ట్. తెల్లాపూర్‌లో ఇరవయ్యో అంతస్తులో ఫ్లాట్ చూపిస్తే వద్దందట. ఊళ్ళో ఉండాలట, పండగలన్నీ దగ్గర్నుంచి చూడాలట. వెతికి వెతికి వెలిమెలలో మా ఇల్లు పట్టుకుంది.

మా అత్తమ్మ మల్లమ్మకు ఇంగ్లీషు రాదు. సొలెన్‌కు తెలుగు రాదు. మధ్యలో నేను. స్కూల్లో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెప్పి అలిసిపోయి వస్తే ఇంట్లో ఇంకో పీరియడ్.

గంట తిరక్కుండానే అత్తమ్మ ఆమెకు సోలమ్మ అని పేరు పెట్టేసింది. నేను ఈ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్ళు. కొత్తవాళ్ళకు నా గురించి చెప్పాల్సి వస్తే అత్తమ్మకు ఇప్పటికీ నేను ‘మా ఆంధ్ర పిల్ల’నే. నాన్న గోదావరి జిల్లా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చాడు, అంతవరకు నిజం. నేను పుట్టింది మాత్రం ఆ ఫ్యాక్టరీ కాలనీ హాస్పిటల్లో. ఇక్కడికి షేర్ ఆటోలో అరగంట కూడా పట్టదు.

జులై 20, బోనాలు

అత్తమ్మ బీరువాలోంచి ఆకుపచ్చ పట్టుచీర తీసి సొలెన్‌కు కట్టింది. ఆ చీరను నేనూ ముట్టుకున్నాను, ఏటా కలరా ఉండలు మార్చేటప్పుడు.

వేపాకు ఎందుకు, కుండ మీద దీపం ఎందుకు, పోతరాజు కొరడా నిజంగా తగులుతుందా. రోజంతా ప్రశ్నలు. అన్నింటికీ జవాబు చెప్పాను. నువ్వు గైడ్‌గా పనికొస్తావు అంది. మెచ్చుకుంటూనే అంది. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి ఒక్క కారణమూ దొరకదు, అదే నా బాధ.

సెప్టెంబర్ 6

నిమజ్జనం. సొలెన్ ట్రాక్టర్ ముందు తీన్‌మార్ ఆడింది, ఊరంతా వీడియో తీసింది. నేను ఆడితే టీచరమ్మకు ఇజ్జత్ లేదంటారు.

సెప్టెంబర్ 13

నిషిత ఫోన్ చేసింది. మా ఆయన శ్రావణ్ చెల్లెలు, ఉండేది నాగపూర్. కడుపుతో ఉంది, బాగానే ఉంది, డాక్టర్ ప్రయాణం మాత్రం వద్దన్నాడట. కాబట్టి ఈసారి బతుకమ్మకు రాదు.

అత్తమ్మ ఏడ్చింది. నేను వంటింట్లోకి వెళ్ళి సంతోషపడ్డాను. ఇక్కడ అబద్ధం రాయడం ఎందుకు.

సద్దుల రోజు, అంటే ఆఖరి రోజు, మా ఇంటి పెద్ద బతుకమ్మను చెరువుదాకా ఎత్తుకెళ్ళేది నిషిత. అంతకు ముందు ఈ ఊళ్ళోనే పుట్టిన అత్తమ్మ ఎత్తుకునేది, ఇప్పుడు ఆమె మోకాళ్ళు సహకరించడం లేదు. నా వాటా పని వేరే. విల్లాల వెనక ఖాళీ ప్లాట్లలో గునుగు పువ్వు కోసుకురావడం, కొసలు కత్తిరించడం, రంగు నీళ్ళలో ముంచడం. వారం రోజులు నా వేళ్ళు గులాబీ రంగులో ఉంటాయి, క్లాసులో పిల్లలు నవ్వుతారు. ఎత్తే సమయానికి నేను పక్కకు జరిగి హారతి పళ్ళెం పట్టుకుంటాను.

ఈసారి ఇంట్లో ఎత్తడానికి మిగిలింది నేనొక్కదాన్నే. ఒక్కసారి బతుకమ్మ ఉన్న ఆ తాంబాలం నా తలమీద పెడితే చాలు. ఇంకేమీ అక్కర్లేదు.

సెప్టెంబర్ 21, ఎంగిలిపూలు

గుడి ముందు బతుకమ్మ మొదటి రోజు ఆట. సొలెన్ అడుగు తప్పింది. వెంటనే వలయం మొత్తం నెమ్మదించింది, ఆమె కాలు కలిసేదాకా ఆగి ఆగి ఆడారు. నా మొదటి ఏడాది నేను తప్పితే ఎవరో మోచేత్తో పొడిచి వెనక్కి లాగారు. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం నా గుణం, ఏం చేసేది.

సెప్టెంబర్ 26, సాయంత్రం 7

రాయాలని లేదు. అయినా రాస్తాను.

ఇవాళ ఆరో రోజు. ఆరో రోజు బతుకమ్మను పేర్చరు. అమ్మవారు అలిగిందని ఆ ఒక్కరోజు పూలు ముట్టరు, ఆట ఆడరు. ఈ ఊళ్ళో పుట్టిన చంటిపిల్లకు కూడా తెలుసు.

పెళ్ళయిన ఏడాది నాకు తెలియదు. మా ఇంట్లో ఆ పండగ లేదు. అత్తమ్మను సంతోషపెట్టాలని ఆరో రోజు తెల్లారకముందే లేచి తంగేడు కోసుకొచ్చాను. అందరూ లేచేసరికి వాకిట్లో బతుకమ్మ పేర్చి పెట్టి, మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ నిలబడ్డాను. అత్తమ్మ తాంబాలం తీసుకెళ్ళి బర్రెల కొట్టం వెనక బోర్లించింది. ఆ తర్వాత వాడకట్టులో ప్రతి ఇంటికీ చెప్పింది. ఆంధ్ర పిల్ల అమ్మోరిని అలకలనే లేపిందని. ఆ ఏడు మామయ్యకు జ్వరం వస్తే నావల్లే, బర్రె ఈనక చస్తే నావల్లే. ఆరోనాటి కోడలు అని నాకు పేరు. మొన్న కూరగాయల బండి దగ్గర కూడా ఎవరో అన్నారు.

ఇవాళ సాయంత్రం సొలెన్ మెట్లు దిగి వచ్చింది. చేతిలో బతుకమ్మ. తెల్లాపూర్‌లో ఏ గేటెడ్ కమ్యూనిటీ గోడ పక్కనో కోసుకొచ్చిన కాగితం పూలు, పైన గుమ్మడి పువ్వు. ఒక పక్కకు ఒరిగి ఉంది. ఒక్కదాన్నే చేశాను, సర్ప్రైజ్ అంది.

నిజం చెప్పాలంటే ఎదురుచూశాను. కొట్టం తీసేసి కారు షెడ్డు కట్టారు కదా, ఇప్పుడు ఎక్కడ బోర్లిస్తుందా అని కూడా ఆలోచించాను.

అత్తమ్మ చూసింది. చూసి నవ్వింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, సొలెన్‌ను దగ్గరికి లాక్కుని నెత్తి నిమిరింది. తెల్వక జేసినవ్ బిడ్డా, ఏమైతది, అలిగినమ్మకు నువ్వన్న అలుక దీర్సినవ్ అంది. పక్కింటి వాళ్ళను పిలిచి చూపించింది. సోలమ్మకు ఎంత భక్తి ఉందో సూడుండ్రి అని వాళ్ళూ మురిసిపోయారు.

ఏమంటోంది అని సొలెన్ నన్ను అడిగింది. చాలా బాగుంది అంటోంది అన్నాను.

శ్రావణ్ షిఫ్ట్ నుంచి రాగానే చెప్పాను. గిదంతా ఆడోళ్ళ ముచ్చట, నన్నెందుకు పరేషాన్ జేస్తవ్ అని స్నానానికి వెళ్ళాడు.

సెప్టెంబర్ 27

సొలెన్ ఇన్‌స్టాలో ఫోటో పెట్టింది. అత్తమ్మ, ఆమె, కాగితం పూల బతుకమ్మ. కింద మై తెలంగాణ మదర్ అని ఉంది. కుడి పక్కన కనిపించే మోచేయి నాది.

సెప్టెంబర్ 28, ఆదివారం

పొద్దున వాకిట్లో ముగ్గురం గునుగు కత్తిరిస్తున్నాం. అత్తమ్మ నా వైపు తిరిగింది. సోలమ్మకు జెప్పు, ఎల్లుండి మన పెద్ద బతుకమ్మను గామెనే ఎత్తుకోవాలె, నిషిత లేకపాయె, ఇంటికి ఆడిబిడ్డ చెయ్యి ఉండాలె గద అంది.

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. సొలెన్ నా నోటి వైపు చూస్తోంది. మూడు నెలలుగా వీళ్ళిద్దరి మధ్య ప్రేమంతా నా నోటి గుండానే నడిచింది. ఒక్క మాట కూడా నాకోసం ఆగలేదు.

ఇంగ్లీషులో చెప్పాను. ఆంటీ ఏమంటోందంటే, ఎల్లుండి పెద్ద బతుకమ్మను నువ్వు ముట్టుకోకూడదు, బయటివాళ్ళ చెయ్యి పడకూడదు, ఏమీ అనుకోవద్దు అని. గ్రామర్ తప్పు లేకుండా చెప్పాను. ఔట్‌సైడర్ అనే మాట వెతుక్కోకుండానే దొరికింది.

సొలెన్ ముఖం మెడదాకా ఎర్రబడింది. ఆఫ్‌కోర్స్, ఆఫ్‌కోర్స్ అంటూ ఒళ్ళో పూలు మెల్లగా కింద పెట్టి పైకి వెళ్ళిపోయింది.

ఏమన్నది అని అత్తమ్మ అడిగింది. నడుం నొప్పట, బరువు ఎత్తలేదట అన్నాను. అయ్యో పాపం అంది.

నాకు సిగ్గుగా ఉందా? ఉంది. ఆ పొద్దున మళ్ళీ వస్తే మళ్ళీ అలాగే చెప్తానా? చెప్తాను.

సెప్టెంబర్ 29

పొద్దుటి నుంచి అత్తమ్మ చుట్టూనే తిరిగాను. టీ ఇచ్చాను, మోకాళ్ళకు నూనె రాశాను. ఇక నన్నే అడగాలి కదా, ఇంకెవరున్నారు.

నూనె రాయించుకుంటూనే అంది. దశరథ్ బిడ్డె హరిచందన ఉన్నది గద, జెర పోయి పిలుసుకరా, గా పిల్ల ఎత్తుకుంటది.

పక్కింటి పిల్ల. ఇంటర్ చదువుతోంది. సొలెన్ తర్వాత వరసలో కూడా నేను లేను. అసలు ఏ వరసలోనూ లేనని అప్పుడు అర్థమైంది.

నేను ఎత్తుకుంటా అత్తమ్మా అన్నాను. నోరు తెరిచి అడగడం ఇదే మొదటిసారి.

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. నా చెయ్యి పట్టుకుని, నువ్వు కోడలివి బిడ్డా, గిది ఆడిబిడ్డల పండుగ, నీ తల్లిగారింట్ల ఎత్తుకోవాలె గని ఈడ గట్ల నడువది అంది. మళ్ళీ తనే, మీ తల్లిగారింట్ల గీ పండుగనే లేకపాయె, నేనేం జెయ్యాలె అంది. నిజంగా జాలిపడింది.

అంటే నేను ఈ ఊళ్ళో ముసలిదాన్నయి చచ్చినా ఆ తాంబాలం నా తలకెక్కదు. సొలెన్ మూడు నెలల్లో ఆడబిడ్డ అయింది, ఎందుకంటే ఆమె ఎవరికీ కోడలు కాదు.

సెప్టెంబర్ 30, సద్దులు

మిగిలిన పూలతో నేనొకటి పేర్చాను. తాంబాలం ఒక్కటే, అది ఇంటి బతుకమ్మది. నాది అన్నం తినే స్టీలు పళ్ళెంలో. పసుపుతో గౌరమ్మను చేసి పైన పెట్టాను. తల్లిగారింటికి పోతున్న అని అత్తమ్మతో చెప్పాను. మంచిది పో అంది.

ఆటో మలుపు తిరుగుతుంటే వెనక్కి చూశాను. రెండేళ్ళుగా మెట్టెక్కని అత్తమ్మ రెయిలింగ్ పట్టుకుని మేడ మెట్లు ఎక్కుతోంది. సోలమ్మా, సోలమ్మా అని అరుస్తోంది. ఆటో ఆపమన్నాను. కాసేపటికి సొలెన్‌ను చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చింది. సొలెన్ తల అడ్డంగా ఊపుతోంది, అత్తమ్మ ఆమె నడుం చూపించి తడిమి నవ్వుతోంది. తాంబాలం తీసి ఆమె తలమీద పెట్టింది. జారకుండా ఇటు అత్తమ్మ, అటు హరిచందన తాంబాలం పట్టుకున్నారు. మధ్యలో మాట చెప్పే మనిషి అవసరం ఎవరికీ రాలేదు.

పోనీ అన్నాను ఆటో అతనితో.

అమ్మ తలుపు తీసి, ఏవిటే ఇది అంది. మనకి ఈ ఆనవాయితీ లేదు కదా, చీమలు పడతాయి, బాల్కనీలో పెట్టు అంది. పెట్టాను. ఒక పక్క వాషింగ్ మెషీన్, చుట్టూ తిరగడానికి చోటు లేదు. ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ చప్పట్లు కొడుతూ నడిచాను. పాట మెల్లగానే పాడాను. ఎదురు బ్లాక్ వాళ్ళు చూస్తున్నారు, ఇక చాల్లే, కాఫీ చల్లారిపోతోంది అంది అమ్మ.

నీళ్ళలో వదలాలి కదా. బాత్రూంలో బకెట్ నింపి అందులో వదిలాను. మునగలేదు. కాసేపు చూసి వచ్చేశాను.

అక్టోబర్ 2, దసరా

సొలెన్ జమ్మి ఆకు తెచ్చి నా చేతిలో పెట్టి, వంగి కాళ్ళకు దండం పెట్టింది. అన్నీ నేర్చుకుంది. ఆమె నన్ను నిలదీస్తుందనుకున్నాను. కాదు. ఓదార్చింది.

నువ్వు ఆంటీ మాట సరిగ్గా అర్థం చేసుకోలేదేమో, ఆమె నన్ను ఎత్తుకోమనే అందని తర్వాత హరిచందన చెప్పింది, నీ తప్పు కాదు, మీది వేరే ప్రాంతం కదా, వీళ్ళ ఆచారాలు నీకెలా తెలుస్తాయి అంది. నేను కూడా ఆరో రోజు తప్పు చేశానట కదా అని నవ్వింది. నా భుజం చుట్టూ చెయ్యి వేసి, మనిద్దరం బయటివాళ్ళమే కదా అంది.

అవును అన్నాను.

అక్టోబర్ 5

అమ్మ ఫోన్ చేసింది. బకెట్లో పూలు వాసన కొడుతున్నాయట. పారబోయడానికి ఏదైనా పద్ధతి ఉందా అని అడిగింది. నాకు తెలియదన్నాను.

స్నానానికి వేరే బకెట్ కొనుక్కుందట.